బొమ్మ పిలవాలి, నుడి నిలవాలి

(హోసూరు ప్రాంతపు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లల కోసం తెలుగులో ఒక అంతర్జాల బొమ్మకథ మొదలైన సంగతి మీలో చాలామందికి తెలుసు. వారానికి ఒక భాగం చొప్పున ఫోనులో చదువుకొనే కథ అది. ఒక అవ్వ, ఆమె మనవరాలు, ఆ ఇంటి పిల్లి. అందులోని పాత్రలు ఇంతే. ఆ కథకు బొమ్మలు వేసేవారిలో నేనొకణ్ణి. దాన్ని గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నా ముందు రెండు ప్రశ్నలు పెట్టారు. కొత్తగా పుట్టిన బొమ్మకథకు చదువరులను ఎలా రాబట్టాలి? దాని బొమ్మలను ఎలా మెరుగుపరచాలి?

మొదటిది ప్రచారానికి, రెండవది చిత్రకళకు సంబంధించిన ప్రశ్న అని సాధారణంగా అనుకుంటారు. నా ఉద్దేశంలో రెండింటికీ మూలం ఒక్కటే. ఎవరి కోసం గీస్తున్నామో తెలిస్తే వారిని ఎక్కడ కలుసుకోవాలో తెలుస్తుంది, బొమ్మ ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది. అది తెలియనప్పుడు ఎంత ప్రచారం చేసినా, ఎంత అందంగా గీసినా కథ గాలిలో దీపమే. కాబట్టి మొదట మన చదువరి ఎవరో చూద్దాం.

మన చదువరి ఎవరు?

తెలుగు రాష్ట్రాలలో వెలువడే పిల్లల పత్రిక ఈ ప్రశ్న వేసుకోనక్కరలేదు. బడిలో తెలుగు చదివే పిల్లలే దానికి చదువరులు. మన సంగతి వేరు. 1936లో ఒడిశా, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, 1956లో రాష్ట్రాలను తిరిగి కూర్చినప్పుడు గీసిన గీతలకు ఇవతల ఉండిపోయిన కుటుంబాలు మనవి. మగ్గం వెంట షోలాపూరు వెళ్లి తరతరాలుగా అక్కడ స్థిరపడిన కుటుంబాలూ మనవే. ఈ ఇళ్లలో తెలుగు మాట వినబడుతుంది. తెలుగు అక్షరం కనబడదు.

తమిళనాడులో 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం 2006–07లో ఒకటవ తరగతితో మొదలై ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరించింది. కర్ణాటకలో 2015లో కన్నడ అభ్యసన చట్టం వచ్చింది. ఉన్న రాష్ట్రపు భాషను నేర్చుకోవడానికి మనకు ఏనాడూ అభ్యంతరం లేదు. అది మనకు అన్నం పెట్టే భాష, ఇరుగుపొరుగుతో కలిపే భాష. ఆ గంటల పట్టికలో తల్లినుడికి చోటు చిక్కిపోతూ ఉన్నదన్నదే మన బాధ. కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరిలో భాగంగా ఉన్న యానాంలో పాలనలో కూడా తెలుగుకు చోటు ఉంది. తక్కిన చోట్ల అంతటి భాగ్యం లేదు.

దీని ఫలితంగా మన ఇళ్లలో మూడు రకాల చదువరులు ఉన్నారు. మొదటివారు పిల్లలు. వీరు తెలుగు గడగడా మాట్లాడతారు, కాని చదవడం మాత్రం తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో. రెండవవారు తల్లిదండ్రులు. తెలుగు అక్షరాలు కూడబలుక్కొని చదువుతారు, నలుగురిలో చదవడానికి జంకుతారు. మూడవవారు అవ్వతాతలు. వారిలో తెలుగు చదివినవారున్నారు, చదవకపోయినా నోటినిండా కథలున్నవారున్నారు. అయితే ఫోనులో ఏది ఎక్కడుందో వారికి తెలియదు.

గమనించండి. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ ఒంటరిగా మన బొమ్మకథను పూర్తిగా చదవలేరు. ముగ్గురూ కలిస్తే హాయిగా చదవగలరు. ఫోను తెరిచేది మనవరాలు, అక్షరం కూడబలికేది అమ్మ, మాటకు అర్థం చెప్పి పిట్టకథ జోడించేది అవ్వ. కాబట్టి మనం గీయవలసింది ఒక్కరు మౌనంగా చదువుకొనే కథ కాదు. ఒక ఫోను చుట్టూ ముగ్గురు కూర్చొని బిగ్గరగా చదివే కథ. ఈ ఒక్క నిర్ణయం నుంచి తక్కినవన్నీ వస్తాయి.

చదువరులు ఎలా వస్తారు?

మొదటి సూత్రం, చెప్పిన రోజున కథ రావాలి. 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషలలో మొదలైన ‘చందమామ’ కోసం పిల్లలు నెలనెలా ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపే పత్రికకు సగం బలం. అంతర్జాలంలోనూ ఈ నియమం మారలేదు. అమెరికాలో 2005లో రాండల్ మన్రో మొదలుపెట్టిన ‘ఎక్స్‌కేసీడీ’ అనే బొమ్మకథ సోమ, బుధ, శుక్రవారాలలో వస్తుంది. దక్షిణ కొరియాలో నేవర్ సంస్థ 2004లో తన వెబ్‌టూన్ సేవను మొదలుపెట్టింది. అక్కడ ఏ కథ వారంలో ఏ రోజున వస్తుందో ముందే నిర్ణయమై ఉంటుంది. చదువరి తన వారాన్ని ఆ కథలతో గుర్తుపెట్టుకుంటాడు. మన కథకు ఆదివారం పొద్దుటి పూట మేలని నా అభిప్రాయం. ముగ్గురు చదువరులూ ఇంట్లో ఉండేది ఆ పూటే.

చెప్పిన రోజు తప్పకూడదంటే కొంత నిల్వ ఉండాలి. పంట చేతికి రాకముందే గాదెలో గింజలు ఉన్న ఇల్లే కరవును తట్టుకుంటుంది. కనీసం ఆరు భాగాలు గీసి పెట్టుకొని మొదటిదాన్ని బయటకు విడవాలి. జ్వరాలు, పెళ్లిళ్లు, పరీక్షలు వస్తూనే ఉంటాయి. కథ ఆగితే చదువరికి అలవాటు పోతుంది. పోయిన అలవాటును తిరిగి తేవడం కొత్త అలవాటును చేయడం కంటే కష్టం.

రెండవది, ఏ భాగాన్ని పట్టుకున్నా అర్థం కావాలి. కొత్తవారు మొదటి భాగంతోనే రారు. ఎవరో పంపిన పదిహేడవ భాగంతో వస్తారు. దానిలో ఎవరు ఎవరో, సంగతి ఏమిటో, నవ్వు ఎక్కడో తెలియాలి. పెద్ద కథ నడిపినా సరే, ప్రతి భాగంలో ఒక చిన్న కథ ముగియాలి.

మూడవది, బొమ్మ తన ఊరుపేరు తానే చెప్పుకోవాలి. మన ఇళ్లలో బొమ్మలు వాట్సాప్ గుంపుల మీదుగా ప్రయాణిస్తాయి. నాలుగు చేతులు మారేసరికి ఎవరు వేశారో, మిగతా కథ ఎక్కడుందో తెలియదు. అందువల్ల ప్రతి బొమ్మ అడుగున కథ పేరు, భాగం సంఖ్య, దొరికే చిరునామా ఉండాలి. అవి బొమ్మ చట్రంలోపలే ఉండాలి. వెలుపల పెడితే ఎవరో ఒకరు కత్తిరిస్తారు.

నాలుగవది, బొమ్మలోని మాటలను బొమ్మ కింద మరొకసారి యూనికోడ్ తెలుగులో టైపు చేసి పెట్టాలి. బొమ్మలో కలిసిపోయిన అక్షరాలను వెతుకుడు యంత్రాలు అన్నిసార్లూ సరిగా చదవవు. కింద టైపు చేసిన మాటలను చదువుతాయి. ఎవరైనా తెలుగు సామెత కోసమో పొడుపుకథ కోసమో వెతికినప్పుడు మన కథ కనబడే దారి అదే. అంతకంటే ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. చూపులేని బిడ్డకు ఆ మాటలను ఫోను చదివి వినిపిస్తుంది. బొమ్మలో ఏమున్నదో రెండు వాక్యాలలో చెబితే ఆ బిడ్డ కూడా మన చదువరే.

అయిదవది, కాగితాన్ని మరవకూడదు. అందరి ఇళ్లలో పిల్లల చేతికి ఫోను ఇవ్వరు, ఇవ్వకపోవడం తప్పూ కాదు. నెలకు నాలుగు భాగాలను ఒక కాగితం మీద అచ్చువేసి గుడి దగ్గర, గ్రంథాలయంలో, పాల కేంద్రం దగ్గర, మగ్గాల షెడ్డులో అంటించవచ్చు. నిలబడి చదివినవారు ఇంటికి వెళ్లి మిగతాది వెతుక్కుంటారు. ఇంటింటికీ వెళ్లి అడగడం కంటే గోడ మీది బొమ్మ ఎక్కువమందిని పిలుస్తుంది.

ఏ తెలుగులో పలకాలి?

ఇక్కడ ఒక వివాదం ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. పాత్రలు పుస్తకాల తెలుగులో మాట్లాడాలా, మన ఇళ్ల తెలుగులో మాట్లాడాలా? కొందరు పెద్దలు ఇలా అంటున్నారు: “పిల్లలకు వచ్చేదే అంతంత మాత్రం. దానిలోనూ యాసను పెడితే మంచి తెలుగు ఎప్పుడు నేర్చుకుంటారు?”

వారి ఆందోళనలో నిజం ఉంది. బయటి పుస్తకాలు, పత్రికలు చదవాలంటే అందరికీ అర్థమయ్యే తెలుగు రావాలి. అయితే చదువు తెలియని నుండి కాక తెలిసినదాని నుండి మొదలవుతుంది. బడిలో తెలుగు అక్షరం చూడని పిల్లవాడు తాను ఏనాడూ వినని మాటను, తాను ఏనాడూ చూడని అక్షరాలలో చదవాలంటే రెండు కొండలు ఒకేసారి ఎక్కాలి. మాట తనదైతే ఒక కొండ తగ్గుతుంది. “యాడికి పోతా ఉండావే?” అని బొమ్మలోని అవ్వ అడిగితే హోసూరు పిల్లవాడు మొదటి రెండు అక్షరాలు కూడబలికేసరికే తక్కినది నోటికి వస్తుంది. ఎందుకంటే అది రోజూ వినే మాట. అలా ఊహించి చదవడమే చదువుకు మొదటి మెట్టు.

వాడుక మాట కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పనిచేసిన పర్లాకిమిడి నేడు ఒడిశాలో ఉంది. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను ఆయన నడిపినది అక్కడి నుండే. అంటే మాట్లాడే తెలుగుకు గౌరవం కోరిన ఉద్యమానికి నేటి సరిహద్దుకు అవతలి ఊరే పుట్టినిల్లు. పులికాటు సరస్సు చుట్టుపక్కల పలికే తెలుగులో స.వెం. రమేశ్ గారు రాసిన ‘ప్రళయకావేరి కథలు’ ఆ మాట ఎంత బరువు మోయగలదో మనకు చూపాయి. బయటి తెలుగుకు సిగ్గుపడవలసిన పని లేదు.

మరి ఒకే కథ అన్ని ప్రాంతాలకు ఎలా సరిపోతుంది? దీనికి అంతర్జాల బొమ్మకథలో చక్కని వీలు ఉంది. బొమ్మను ఒక పొరలో, మాటలను వేరొక పొరలో ఉంచితే చాలు. బొమ్మ మారదు, మాట మారుతుంది. హోసూరు అవ్వ “యాడికి పోతా ఉండావే?” అంటుంది. పర్లాకిమిడి మామ్మ “ఎక్కడికెల్తన్నావే?” అంటుంది. యానాం అమ్మమ్మ “ఎక్కడికెళ్తున్నావే?” అంటుంది. ఇక్కడి ‘పిలకాయలు’ అక్కడ ‘గుంటలు’ అవుతారు. ఫ్రాన్సుకు చెందిన డేవిడ్ రెవాయ్ 2014లో మొదలుపెట్టిన ‘పెప్పర్ అండ్ క్యారట్’ బొమ్మకథ ఇలాగే నడుస్తోంది. బొమ్మలను, మూల దస్త్రాలను స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ ఇచ్చారు. ఎక్కడెక్కడి వలంటీర్లో తమ భాషల మాటలు చేర్చి పదుల కొద్దీ భాషలలోకి దాన్ని తీసుకువెళ్లారు. డబ్బు లేని ఉద్యమానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. తన మాట బొమ్మలో కనబడిన ఊరు ఆ బొమ్మకు తానే ప్రచారం చేస్తుంది.

కథ చెప్పే వాక్యాలను మాత్రం, అంటే బొమ్మ పైన పెట్టే “మరునాడు పొద్దున” వంటి వాటిని, అందరికీ తెలిసిన తెలుగులో ఉంచుదాం. నోటి మాట ఇంటిది, కథకుడి మాట అందరిది. పిల్లలకు రెండూ పక్కపక్కనే అలవాటవుతాయి. పెద్దల ఆందోళనకు ఇది సమాధానమని భావిస్తున్నాను.

బొమ్మ మెరుగుపడడం ఎలా?

“బొమ్మలు ఇంకా బాగా వచ్చాక విడుదల చేద్దాం” అనేవారు ఉన్నారు. చేయి తిరిగేది గీస్తేనే. పదిమంది చూస్తారని తెలిసి గీస్తే ఇంకా త్వరగా తిరుగుతుంది. జపానులో ‘వన్’ అనే కలంపేరు గల రచయిత 2009లో ‘వన్ పంచ్ మ్యాన్’ను అంతర్జాలంలో మొదలుపెట్టినప్పుడు ఆయన గీతలు అనుభవం లేని చేతివిగానే ఉన్నాయి. కథ బాగుండడంతో చదువరులు వచ్చారు. 2012 నుంచి యూసుకే మురాటా అనే నిపుణుడు అదే కథను మళ్లీ గీయసాగాడు. అమెరికాలో జెఫ్ జాక్వెస్ 2003లో మొదలుపెట్టిన ‘క్వశ్చనబుల్ కంటెంట్’ తొలి బొమ్మలను, పదేళ్ల తరువాతి బొమ్మలను పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులు గీసినట్లు ఉంటాయి. మధ్యలో జరిగింది ఒక్కటే, విడవకుండా గీయడం. ఇక ‘ఎక్స్‌కేసీడీ’లో మనుషులు నాలుగు పుల్లలు, ఒక గుండ్రం.

అలాగని ఎలా గీసినా చెల్లుతుందని కాదు. అందం తక్కువైతే చదువరి ఓర్చుకుంటాడు, అర్థం కాకపోతే ఓర్చుకోడు. ఆ పుల్లల మనుషులలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు వింటున్నారో ఎప్పుడూ అనుమానం రాదు. కాబట్టి ముందు స్పష్టత, తరువాత సొగసు. ఈ వరుసలోనే సాధన చేయాలి.

స్పష్టతకు మన తోలుబొమ్మలాట మంచి గురువు. దీపపు వెలుగులో తెర మీదికి బొమ్మ రాగానే అంచును బట్టే హనుమంతుడో రావణుడో పల్లెటూరి పిల్లలకు తెలిసిపోతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళను కాపాడుతున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన పాత్రలకు కూడా ఆ పరీక్ష పెట్టాలి. అవ్వను, మనవరాలిని, పిల్లిని నల్లని సిరాతో నింపి నీడలుగా మార్చి చూడండి. ఎవరు ఎవరో తెలిస్తే పాత్ర కుదిరినట్లు. తెలియకపోతే అవ్వకు కొప్పు పెద్దది చేయాలి, నడుం వంచాలి, మనవరాలికి రెండు జడలు వేయాలి.

రెండవ సాధన, పాత్రల పటం. ఒక్కొక్క పాత్రను ముందునుంచి, పక్కనుంచి, వెనకనుంచి, నవ్వుతూ, కోపంతో, కూర్చొని, పరిగెత్తుతూ ఒకే కాగితం మీద గీసి గోడకు అంటించుకోవాలి. లేకపోతే మూడవ భాగంలో అవ్వ ముక్కు ఒకలాగా, అయిదవ భాగంలో మరొకలాగా వస్తుంది. పిల్లలు ఇటువంటివి పెద్దల కంటే ముందు పట్టేస్తారు.

మూడవ సాధన, కంటితో చూసి గీయడం. అంతర్జాలంలో దొరికే బొమ్మలను చూసి గీస్తే అందరి బొమ్మల్లాంటి బొమ్మే వస్తుంది. హోసూరు గులాబీ తోట, రాగిచేను, సంగటి కెలికే తెడ్డు, మూడు లిపులలో రాసిన బస్టాండు బోర్డు, వీటిని అక్కడే నిలబడి గీయాలి. “ఇది మా వీధే!” అని ఒక పిల్లవాడు అరిచాడంటే వాడు మరో పదిమంది పిల్లలను తెస్తాడు. బొమ్మ మెరుగుపడడమూ చదువరి రావడమూ ఒకటేనని నేను మొదట చెప్పింది ఇందుకే. వీలైనవారు లేపాక్షి వెళ్లండి. మొరసునాటి నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. పదహారవ శతాబ్దపు వీరభద్రాలయం పైకప్పు మీద కథలు ఘట్టాలు ఘట్టాలుగా సాగుతాయి. చీరల అంచులు, కళ్ల తీరు, చేతుల కదలిక చూసి గీసుకోండి. గట్టి గీత అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

నాలుగవది, గళ్ల అమరిక. ఫోను నిలువుగా ఉంటుంది, వేలు కిందినుంచి పైకి జరుపుతుంది. కొరియా వెబ్‌టూన్లు నిలువుగా సాగే అమరికను ఇందుకే చేపట్టాయి. ఇది మనకు కొత్త కాదు. తెలంగాణలోని చేర్యాల నకాశీ పటం కూడా నిలువుగా విప్పుతూ చూపే కథే. కథకుడు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతాడు, తరువాతి బొమ్మ కోసం ఊరు కాచుకొని ఉంటుంది. ఫోనులో కూడా ఒక తెరకు ఒకటి, మహా అయితే రెండు గళ్లు చాలు. తలుపు తట్టిన చప్పుడు ఒక గడిలో ఉంటే, వచ్చినవారెవరో వేలు జరిపాకే కనబడాలి. గడికీ గడికీ మధ్య ఖాళీని చదువరి తన ఊహతో నింపుకుంటాడని స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో బొమ్మకథల మీద రాసిన పుస్తకంలో వివరించాడు. ఖాళీ పెంచితే కాలం గడిచినట్లు ఉంటుంది, తగ్గిస్తే పని చకచకా జరిగినట్లు ఉంటుంది. డబ్బు ఖర్చు లేని మెరుగుదల ఇది.

అక్షరమూ బొమ్మే

ఇంగ్లీషు బొమ్మకథలు చూసి నేర్చుకున్నవారు ఒక విషయం గుర్తించాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన మాటల బుడగ తెలుగుకు సరిపోదు. మనకు గుడులు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాట రాసి చూడండి, ష కింద ట, ర రెండూ చేరి ఎంత చోటు అడుగుతాయో తెలుస్తుంది. పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కలబడితే, ఇప్పుడిప్పుడే అక్షరాలు నేర్చుకొనే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. కాబట్టి వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉండాలి. ముందు మాట రాసి, తరువాత దాని చుట్టూ బుడగ గీయాలి. బొమ్మంతా అయ్యాక మిగిలిన మూలలో మాటను కుక్కకూడదు. బుడగకు ఏడెనిమిది మాటలు మించవద్దు. మాటను విరిచి రెండు వరుసలలో వేయవద్దు. ముందు మాట్లాడేవారి బుడగ పైన, ఎడమవైపు ఉండాలి.

అక్షరానికి కూడా ముఖం ఉంటుంది. బాపు గారి చేతిరాతను చూడగానే తెలుగువారికి పెదవి మీద నవ్వు వస్తుంది. అంతటి చేతిరాత లేనివారికి మండలి, గిడుగు, గురజాడ, సురవరం, మల్లన్న వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక ఖతిని ఎంచుకొని దానికే కట్టుబడండి. గీయడానికి ‘క్రీటా’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉంది, ‘పెప్పర్ అండ్ క్యారట్’ను గీసేది దానిలోనే. అదీ లేకపోతే కాగితం, పెన్సిలు, నల్లసిరా, ఫోను కెమెరా చాలు. పరికరం లేదని ఆగిపోవలసిన పని లేదు.

ఇప్పుడు మాట చెబితే బొమ్మ వేసిపెట్టే యంత్రాలు వచ్చాయి. వాటితోనే పని కానిచ్చేద్దామని కుర్రవాళ్లు అడుగుతున్నారు. నేను ప్రయత్నించి చూసిన బొమ్మలలో అవ్వ ఎక్కడి అవ్వో తెలియలేదు, చీరకట్టు మనది కాదు, గోడ మీది తెలుగు అక్షరాలలో ఒత్తులు తారుమారయ్యాయి. రేపు ఆ లోపాలు పోవచ్చు. అయినా మన ఊరి పిల్లలు తమ ఊరిని కళ్లతో చూసి గీయడం నేర్చుకోవాలన్నది ఈ పనిలో సగం ప్రయోజనం. ఆ సగాన్ని యంత్రానికి అప్పగిస్తే మనకు మిగిలేది బొమ్మ మాత్రమే, బొమ్మ వేయగల బిడ్డ మిగలడు.

విమర్శను ఎలా అడగాలి?

“బాగుందా?” అని అడిగితే మనవాళ్లు “బాగుంది” అంటారు. అది మర్యాద, విమర్శ కాదు. దానికి బదులు బొమ్మకథను ఒక పిల్లవాడి చేతికి ఇచ్చి పక్కన మౌనంగా కూర్చోండి. వేలు ఎక్కడ ఆగింది? ఎక్కడ వెనక్కి జరిపాడు? ఏ మాట దగ్గర అమ్మ ముఖం చూశాడు? ఎక్కడ నవ్వాడు? ఈ నాలుగూ రాసుకోండి. వేలు ఆగిన చోట అక్షరం కష్టమై ఉంటుంది, వెనక్కి జరిపిన చోట బొమ్మ అర్థం కాలేదు. తరువాతి వారం ఒక్క లోపాన్ని మాత్రమే సరిదిద్దండి. ఈ వారం చేతులు, వచ్చే వారం బుడగలు, ఆ పై వారం వెనక గోడ. అన్నీ ఒకేసారి దిద్దాలనుకుంటే ఏదీ దిద్దలేం. ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. యాభై రెండు లోపాలు తగ్గిన బొమ్మకథను ఊహించుకోండి.

మీ నుంచి కోరేది

చందాలు అడగడానికి నేను నిలబడలేదు. ప్రతి ఇంటినీ మూడు అడుగుతున్నాను. మొదటిది, ఆదివారం పది నిమిషాలు. ఫోను చుట్టూ ముగ్గురు తరాలవారు కూర్చొని, పిల్లల చేత బిగ్గరగా చదివించండి. తప్పు చదివితే నవ్వకండి. రెండవది, మీ ఇంటి మాట. మీ అవ్వ వాడే మాట, సామెత, పొడుపుకథ, ఏదైనా ఒకటి రాసి పంపండి. ఊరి పేరుతో సహా దాన్ని కథలో వాడుకుంటాం. మూడవది, బొమ్మలు వేసే పిల్లలుంటే వారిని మా దగ్గరకు పంపండి. ఒక చెట్టు, ఒక కుండ, ఒక కోడి వేసినా చాలు, వారి పేరు కథ అడుగున ఉంటుంది.

ఇక మేము చేయబోయేది ఒకటి చెప్పి ముగిస్తాను. వచ్చే నెల నుంచి ప్రతి భాగంలో చివరి గడిలోని మాటల బుడగను ఖాళీగా వదులుతాం. అవ్వ ఏదో అడుగుతుంది, మనవరాలి జవాబు ఉండదు. దాన్ని చదివిన పిల్లలు తమ చేత్తో, తెలుగు అక్షరాలలో నింపి పంపాలి. అక్షరదోషాలు ఉన్నా పరవాలేదు. వచ్చినవాటిలో కొన్నిటిని మరుసటి ఆదివారం అలాగే, ఆ చేతిరాతతోనే వేస్తాం.

మన బొమ్మకథను ఎంతమంది తెరిచి చూశారన్న లెక్క ఫోను చెబుతుంది. ఆ లెక్క నాకు ముఖ్యం కాదు. తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో మాత్రమే రాయడం వచ్చిన బిడ్డలు ఎందరు ఆ ఖాళీ బుడగలో తమ తల్లినుడిని తమ చేత్తో రాశారన్నదే నేను లెక్కపెట్టబోతున్నాను. అటువంటి బుడగ ఒక్కటి వచ్చినా మన బొమ్మకు చదువరి వచ్చినట్లు, మన నుడికి రాసేవాడు దొరికినట్లు.